ఇంటి కెమెరాకు చిక్కిన దెయ్యం

దెయ్యం సినిమా అంటే మన ఇళ్ళలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. పెద్దవాళ్ళు "దీపాలు పెట్టే వేళ ఆ పాడు బొమ్మలేంది, ఆపండి" అంటారు. కాలేజీ పిల్లలు "గ్రాఫిక్స్ చూడండి, నవ్వొస్తుంది" అంటారు. ఈ ఇద్దరికీ నచ్చని సరుకు ఒకటుంది. స్టూడియో లేదు, హీరో లేడు, లైట్లు లేవు. ఇంట్లో ఉన్న వీడియో కెమెరా, ఇంట్లో ఉన్న మనుషులు, ఇంట్లో ఉన్న తెల్లచీర, అంతే. అలా తీసిన దెయ్యం సినిమా తరపున నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు నుంచి వచ్చి బెంగళూరులోనో, ఇంకా దూరంగానో స్థిరపడిన మనలాంటి కుటుంబాలకు ఇది ఊరికే సినిమా ముచ్చట కాదు. మన మాట ఎక్కడ నిలిచి ఉంది అనే లెక్క కూడా ఇందులో ఉంది.

ముందు డబ్బు సంగతి. 1999లో వచ్చిన 'ద బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' గురించి చాలామంది వినే ఉంటారు. ముగ్గురు యువతీయువకులు అడవిలోకి పోయి తప్పిపోతారు. నటులకే కెమెరాలు ఇచ్చి, ఎనిమిది రోజులు అడవిలో తిప్పి తీశారు. తెరమీద దెయ్యం ఒక్కసారి కూడా కనబడదు. ప్రపంచమంతా కలిపి దాదాపు 25 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఆ తర్వాత ఓరెన్ పెలి అనే ఆయన అమెరికాలో తన సొంత ఇంట్లోనే, పడకగదిలో కెమెరా నిలబెట్టి 'పారానార్మల్ యాక్టివిటీ' తీశాడు. ఖర్చు సుమారు 15,000 డాలర్లు, షూటింగు వారం రోజులు. 2009లో థియేటర్లకు వచ్చాక 19 కోట్ల డాలర్లు దాటింది. ఇంగ్లండులో మార్క్ ప్రైస్ తీసిన 'కాలిన్' ఖర్చు 45 పౌండ్లు అని చెప్పుకున్నారు. ఒక గడ్డపార, రెండు టేపులు, టీ, కాఫీ. మన పెళ్ళిళ్ళలో తాంబూలం సంచులకు కూడా ఆ డబ్బు చాలదు.

ఇలాంటివి తెల్లవాళ్ళకే చెల్లుతాయని అనుకోవద్దు. మన కన్నడంలోనే 2013లో '6-5=2' వచ్చింది. ఆరుగురు స్నేహితులు ట్రెక్కింగుకు పోతారు, తర్వాత వాళ్ళ కెమెరా దొరుకుతుంది, అందులో ఉన్నదే సినిమా అన్నట్టు తీశారు. పేరున్న నటుడు ఒక్కడూ లేడు. అయినా జనం పోయి చూశారు, మరుసటి ఏడాదే హిందీలోకీ పోయింది. తెలుగులో 'రాత్రి' తీసిన రాంగోపాల్ వర్మ, 2011లో 'దొంగల ముఠా'ను ఫొటోలు తీసే కెనాన్ కెమెరాలతో ఐదు రోజుల్లో ముగించారు. అది దెయ్యం కథ కాదు గానీ, కోట్లు లేకపోయినా సినిమా పుడుతుందని మన కుర్రాళ్ళకు ధైర్యం ఇచ్చింది.

మిగతా కథలకు డబ్బు కావాల, దెయ్యం కథకు ఎందుకు అక్కరలేదు? ప్రేమకథకు అందమైన మొహం ఉండాల. యుద్ధం కథకు ఏనుగులు, గుర్రాలు ఉండాల. భయానికి ఒక ఇల్లు, ఒక రాత్రి, మూసి ఉన్న ఒక తలుపు చాలు. మిగతాది చూసేవాడి బుర్ర పూరిస్తుంది. పాత వీహెచ్ఎస్ కేసెట్టులో బొమ్మ అడ్డంగా సుమారు 240 గీతల వివరమే పట్టుకోగలదు. వెలుతురు తగ్గితే కెమెరా తనంతట తాను సిగ్నల్‌ను పెంచుకుంటుంది. అప్పుడు నల్లటి మూలంతా చీమలు పాకినట్టు మచ్చలు కదులుతాయి. మన కన్ను ఆ మచ్చల్లో మొహాలు వెతుకుతుంది. చీకట్లో తీగమీద ఆరేసిన పంచె మనిషిలా కనబడేది ఇందుకే. కోట్లు పెట్టి కంప్యూటరులో చేసిన దెయ్యాన్ని మనం రెండో నిమిషానికే కొలిచేస్తాం. ఆ మచ్చల మధ్య ఉందో లేదో తెలియని ఆకారాన్ని మాత్రం కొలవలేం.

2022లో కెనడాలో వచ్చిన 'స్కినమరింక్' దీనికి మంచి ఉదాహరణ. కైల్ ఎడ్వర్డ్ బాల్ అనే దర్శకుడు తను పెరిగిన ఇంట్లోనే దాన్ని తీశాడు. అర్ధరాత్రి ఇద్దరు చిన్నపిల్లలు లేస్తారు. నాన్న కనబడడు, ఇంటి తలుపులు, కిటికీలు ఒక్కొక్కటే మాయమవుతాయి. తెర నిండా గోడ మూలలు, మిద్దెమెట్లు, టీవీ వెలుగు. అందులో భయపెట్టేది రాక్షసుడు కాదు, మనం పుట్టి పెరిగిన ఇల్లు మనల్ని గుర్తుపట్టకపోవడం. సొంత ఊరు వదిలి వచ్చిన మనలాంటి వాళ్ళకు ఆ భయం బాగా తెలుసు. పదేళ్ళ తర్వాత ఊరికి పోయి, పాత ఇంట్లో స్విచ్చి ఎక్కడుందో చేతికి తగలకపోతే ఎలా ఉంటుందో ఒక్కసారి తలుచుకోండి.

మన సీమలో దెయ్యం కథలకు కరువు లేదు. కైవారం పోయినవాళ్ళకు బకాసురుడి కథ చెప్పకుండా ఎవరూ వదలరు, భీముడు వాణ్ణి చంపింది ఇక్కడే అంటారు. చింతచెట్టు మీద మోహిని, కాలువగట్టు మీద కొరివి దెయ్యం, మధ్యాహ్నం పూట గాలి సోకడం, ఇవన్నీ మన అవ్వల నోట విన్నవే. కర్ణాటకలో ఒకప్పుడు తలుపుల మీద 'నాళె బా' అని రాసే పుకారు పాకింది. రాత్రి ఆడగొంతుతో పిలిచే దెయ్యం అది చదివి వెనక్కి పోతుందట, మరునాడూ అదే చదువుతుందట. అదే కథ తెలుగు పల్లెల్లో 'ఓ స్త్రీ రేపు రా' అయింది. రెండు భాషలు ఒకే ఇంట్లో ఉండే మన వైపు ఆ దెయ్యానికి చదువు ఎక్కువ కావాల్సి వచ్చింది. కన్నడం, తెలుగు రెండూ రాకపోతే దానికి బాగేపల్లిలో పని జరగదు! ఆ నమ్మకం 2016లో అదే పేరుతో చిన్న తెలుగు సినిమా అయింది. 2018లో హిందీ 'స్త్రీ' అయి దేశమంతా తిరిగింది. దాన్ని రాసిన రాజ్, డీకే ఇద్దరూ తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంజినీరింగు చదువుకున్న తెలుగువాళ్ళే. మన వాకిలి మీద సుద్దముక్కతో రాసిన మాట అంత దూరం పోయింది. దాని గొప్ప మనకు తెలియకపోతే ఎలా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన ఇళ్ళలో బీరువా పైన అట్టపెట్టెల్లో పెళ్ళి కేసెట్లు ఉంటాయి. చిక్కబళ్ళాపురం, చింతామణి స్టూడియోవాళ్ళు భుజం మీద పెద్ద కెమెరా పెట్టుకుని, పక్కన ఒక కుర్రాడి చేత లైటు పట్టించి తీసినవి. మూడు గంటల కేసెట్టు, అందులో బంధువులంతా ఉంటారు. కానీ గమనించారా? ఒక్కరి మాటా వినబడదు. మిక్సింగు చేసినప్పుడు గొంతులన్నీ తీసేసి మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు వేశారు. తాత నోరు కదులుతుంది, పాట వినిపిస్తుంది. అవ్వ ఎవరినో పిలుస్తుంది, పాట వినిపిస్తుంది. మన పెద్దల మొహాలు దక్కాయి, గొంతులు దక్కలేదు.

మా బంధువుల్లో ఒకరింట్లో వేసవి సెలవుల్లో పిల్లలంతా కలిసి హ్యాండీక్యామ్‌తో ఒక దెయ్యం సినిమా తీశారు. బాగేపల్లి దగ్గర పాత మట్టిమిద్దె ఇల్లు. దెయ్యం వేషం పెద్దమ్మ కూతురిది, ముఖానికి పాండ్స్ పౌడరు, నోటి పక్కన కుంకుమ నీళ్ళు. కుర్చీకి నల్లదారం కట్టి లాగారు. ఇరవై నిమిషాల సినిమాలో కథ అని చెప్పుకోదగ్గది ఏమీ లేదు. దెయ్యం కట్టుకున్న చీర అంచు ఒకచోట గడపకు తగులుకుంటుంది, అందరూ నవ్వుతారు, కెమెరా ఊగుతుంది. సరిగ్గా దెయ్యం మెట్లు దిగే సమయానికి వంటింట్లోంచి అవ్వ గొంతు వినిపిస్తుంది: "ఏమిరా, పొద్దు మునిగినంక దయ్యం ఆటలేమిరా! సంగటి సల్లగయిపోతాంది, రాండి లోపలికి!"

ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆమె కనబడే పెళ్ళి కేసెట్లు ఆ కుటుంబంలో నాలుగు ఉన్నాయి, వాటిలో ఒక్క పలుకూ లేదు. ఆమె గొంతు ఉన్నది ఈ దెయ్యం సినిమాలో మాత్రమే. పిల్లలకు ఎడిటింగు రాకపోవడం వల్ల, పాటలు వేసే స్తోమత లేకపోవడం వల్ల అది మిగిలింది. వెనకాల కుక్క మొరుగుతుంది, బోరు మోటారు నడుస్తుంది, కరెంటు పోతే "అయ్యో" అని ఇంటిల్లిపాదీ అంటారు. డబ్బున్న సినిమాలో ఈ చప్పుళ్ళన్నీ కడిగేస్తారు. నాకు ఈ సినిమాల మీద ఉన్న అభిమానానికి మొదటి కారణం ఇదే. వాటి లోపాల్లో మన ఇల్లు దాక్కుని ఉంటుంది.

ఆ గొంతు ఎందుకంత ముఖ్యం అంటారా? మన వైపు తెలుగు పుస్తకాల్లో దొరికే తెలుగు కాదు. "యాడికి పోతాండావు", "వస్తాండా" అనే అనంతపురం యాస, దానిలో రజా, కెలసం, సుమ్మనే లాంటి కన్నడ మాటలు. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడలోనూ తత్వాలు చెప్పారు, అవి అచ్చయ్యాయి, పాడుకుంటున్నాం. కానీ వంటింటి తెలుగును ఎవరు అచ్చు వేశారు? బడిలో కన్నడం చదివిన మన అన్నదమ్ముల్లో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. వాళ్ళ పిల్లలకు కన్నడం, ఇంగ్లీషు వస్తాయి, తెలుగు చెవికి మాత్రమే తెలుసు. రాత లేని మాటకు గొంతే పుస్తకం. ఆ పుస్తకం మన దగ్గర ఎక్కడెక్కడ ఉందో వెతుక్కుంటే, ఇలాంటి పిచ్చి సినిమాల్లోనే ఎక్కువ దొరుకుతుంది. కెమెరా ముందు నిలబడి "మాట్లాడవ్వా" అంటే ఏ అవ్వ అయినా సర్దుకుని పెద్దమాటలు మాట్లాడుతుంది. దెయ్యం ఆట ఆపమని తిట్టేటప్పుడే అసలు మాట వస్తుంది.

చిన్న కెమెరా పెద్ద భాషను లెక్కచేయదు, సొంత మాటలోనే మాట్లాడుతుంది. నైజీరియాలో 1992లో 'లివింగ్ ఇన్ బాండేజ్' అనే సినిమాను వీడియో మీదే తీసి కేసెట్లుగా అమ్మారు. డబ్బు కోసం భార్యను బలిచ్చిన మొగుణ్ణి ఆమె ఆత్మ వెంటాడే కథ. ఇంగ్లీషులో కాదు, ఇగ్బో భాషలో తీశారు. ఆ దేశపు వీడియో సినిమా పరిశ్రమ ఊపందుకున్నది అక్కణ్ణుంచే అంటారు. మహారాష్ట్రలోని మాలేగావ్‌లో వీడియో పార్లరు నడిపే షేక్ నాసిర్, మరమగ్గాల మీద పనిచేసే కుర్రాళ్ళతో 2000లో 'మాలేగావ్ కే షోలే' తీశాడు. అది నవ్వుల సినిమా, దెయ్యం సినిమా కాదు. కానీ ఎద్దులబండిని క్రేను చేసుకుని, సైకిలు మీద కెమెరా నడిపి, తమ ఊరి యాసలోనే మాట్లాడించారు. ఆ ఊరి మీద 2008లో డాక్యుమెంటరీ వచ్చింది, 2025లో పెద్ద హిందీ సినిమా థియేటర్లకు వచ్చింది. ఎద్దులబండ్లు మన దగ్గరా ఉండేవి. కొరత బండ్లది కాదు.

దీనికి ఎదురుమాటలు ఉన్నాయి, వాటిని దాటేయకూడదు. మొదటిది, ఇవి మూఢనమ్మకాలను పెంచుతాయని. మన జిల్లా గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పుట్టిన డాక్టర్ హెచ్. నరసింహయ్యగారు బెంగళూరు యూనివర్సిటీ వైస్ ఛాన్సలరుగా ఉన్నప్పుడు, 1976లో మహిమలను, మూఢనమ్మకాలను శాస్త్రీయంగా పరిశీలించడానికి కమిటీ వేశారు. ప్రశ్నించకుండా దేన్నీ ఒప్పుకోవద్దు అన్నది ఆయన పట్టు. అలాంటి మనిషి పుట్టిన జిల్లా నుంచి దెయ్యం సినిమాను వెనకేసుకు రావడమా అని అడగవచ్చు. నా జవాబు ఒక్కటే. కుర్చీకి నల్లదారం కట్టి లాగిన పిల్ల, కుర్చీ తనంతట తాను కదిలిందని జన్మలో నమ్మదు. కుంకుమ కలిపి నెత్తురు చేసినవాడికి, విభూతి గాల్లోంచి తీసేవాడి చేతివైపు చూడాలని తెలుస్తుంది. పిల్లలకు భయం ఎలా తయారవుతుందో నేర్పే బడి ఇంతకంటే చవకగా దొరకదు. చూసి వదిలేసే దెయ్యం సినిమా భయాన్ని మిగల్చవచ్చు. తీసిన సినిమా భయాన్ని విప్పి చూపిస్తుంది.

రెండోది ఇంకా బరువైన మాట. దెయ్యం పేరుతో నిజంగా దెబ్బలు తిన్న మనుషులు ఉన్నారు. దెయ్యం వదిలిస్తామని మనిషిని కట్టేసి కొట్టడాన్ని కర్ణాటక ప్రభుత్వం 2017లో చేసిన చట్టం నేరంగా చెప్పింది. చట్టం చేయాల్సి వచ్చిందంటే ఆ పని జరుగుతూ ఉందనే కదా అర్థం. మన కథల్లో దెయ్యం ఎప్పుడూ ఎవరు? మొగుడు పోయిన ఆడది, పిల్లలు లేని కోడలు, మతి చెదిరిన పేదరాలు. దెయ్యం ఉండే చోటు ఎప్పుడూ ఊరవతల. ఊరవతల ఎవరి ఇళ్ళు ఉండేవో మనకు తెలుసు. ఆ కథలను ఉన్నదున్నట్టు తీయడం నాకు సమ్మతం కాదు. ఇంటి సినిమాకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది, అమ్ముడుపోవాలనే తొందర లేదు. కాబట్టి కథ మార్చుకోవచ్చు. ఆస్తి పంపకంలో చెల్లెలికి అన్యాయం చేసిన అన్నకు రాత్రి తలుపు చప్పుడు వినిపించనివ్వండి. పూడ్చి సైట్లుగా అమ్మేసిన చెరువు, అర్ధరాత్రి పడకగదిలోకి నీళ్ళయి రానివ్వండి. బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడని మన సీమలో అంతకంటే నిజమైన దెయ్యం ఏముంది?

మూడోది, ఇవి బాగుండవు, విసుగొస్తాయని. చాలావరకు నిజమే. బయటివాళ్ళు తీసిన ఇలాంటి సినిమాలు పది చూస్తే ఎనిమిది విసిగిస్తాయి. ఇంట్లో తీసినవైతే బయటివాళ్ళకు పదీ విసుగే. అయినా బంధువుల పిల్ల పాట పాడితే శ్రుతి కోసమా మనం కూర్చుని వింటాం?

ఇక పని సంగతి. టేపు శాశ్వతం కాదు. ప్లాస్టిక్ పట్టీ మీద అంటించిన అయస్కాంతపు పొడి ఏళ్ళు గడిచేకొద్దీ రాలుతుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. వీసీఆర్‌లు చేసే కంపెనీల్లో చివరిదైన జపాను ఫునాయి 2016 జూలైలో తయారీ ఆపేసింది. అంటే టేపు బాగున్నా దాన్ని నడిపే మిషను దొరకడం ఏటేటా కష్టమే. ఆస్ట్రేలియా జాతీయ సినిమా, శబ్ద భాండాగారం 2025లోగా ఎక్కించుకోని టేపులు చాలావరకు పోయినట్టేనని పదేళ్ళ ముందే హెచ్చరించింది. ఆ గడువు వచ్చి వెళ్ళింది. మన బీరువాల మీద పెట్టెలు అలాగే ఉన్నాయి.

కాబట్టి ఈ సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు ఆ పెట్టె దించండి. కేసెట్టు కిటికీలోంచి చూస్తే పట్టీ మీద తెల్లటి పొడి కనబడితే దాన్ని మిషనులో వేయొద్దు, అది మిషనునూ పాడు చేస్తుంది, మిగతా టేపులకూ అంటుతుంది. అలాంటివి తెలిసినవాళ్ళకు ఇచ్చి శుభ్రం చేయించాల. బాగున్నవాటిని ఒకసారి చివరిదాకా చుట్టి, వెనక్కి చుట్టి, అప్పుడు కంప్యూటరులోకి ఎక్కించండి. పని చేసే వీసీఆర్ ఉంటే పసుపు, ఎరుపు, తెలుపు వైర్ల నుంచి యూఎస్‌బీకి మార్చే చిన్న పరికరం చాలు. మిక్సింగుకు ముందు తీసిన అసలు టేపులు స్టూడియోవాళ్ళ దగ్గరగానీ మీ దగ్గరగానీ ఉన్నాయేమో ముఖ్యంగా అడగండి. పాటలు వేయకముందు మాటలు ఉన్నది వాటిలోనే. ఎక్కించినదాన్ని రెండు చోట్ల దాచండి, ఒకటి వేరే ఊళ్ళో ఉండనివ్వండి. ఎవరు ఎవరో తెలిసిన పెద్దవాళ్ళ పక్కన కూర్చుని పేర్లు రాసుకోండి.

పిల్లలకు ఒక పని అప్పగించండి. ఫోను ఇచ్చి, పాత ఇంట్లో ఒక దెయ్యం సినిమా తీయమనండి. రెండే షరతులు పెట్టండి. ఒకటి, దెయ్యం మన ఊరి తెలుగు మాట్లాడాల. రెండు, పాటలు వేయకూడదు. యాస రాని పిల్ల అవ్వ దగ్గరికి పోయి "దయ్యం ఎట్ల పిలుస్తాది అవ్వా?" అని అడగక తప్పదు. అవ్వ మొదట తిడుతుంది, తర్వాత గొంతు తగ్గించి పిలిచి చూపిస్తుంది. ఆ సమయానికి ఫోను రికార్డింగు నడుస్తూ ఉండేట్టు చూసుకోండి.